పుల్లయ్య గారి మిద్దె మీద ఎండ

బేతంచెర్ల,
ఫిబ్రవరి 3.

తొలిపొద్దు సోలార్ వారి కర్నూలు ఆఫీసులో ఇళ్లను పరీక్ష చేసే అధికారి గారికి బేతంచెర్ల బండల వ్యాపారి పుల్లయ్య నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ ఆఫీసు కూడా క్షేమమేనని మీ ఫోనులో పలికిన ఆడగొంతును బట్టి అనుకుంటున్నాను. ఆమె తెలుగు కావాలంటే ఒకటి నొక్కమంది, నొక్కాను. ఇంకేదో కావాలంటే రెండు నొక్కమంది, అదీ నొక్కాను. నేను చెప్పేదంతా ఓపిగ్గా విని చివరికి తొమ్మిది నొక్కమంది. అది మనిషి కాదు మిషను అని మా ఆవిడ చెప్పే సరికి మా ఇంటి సంగతి సగం చెప్పేశాను. మిగతా సగం కాగితం మీద పెడుతున్నాను.

మా అమ్మాయి శిల్పను కడపలో ఇచ్చాం. ఇప్పుడు దానికి ఏడో నెల. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. తొమ్మిదో నెల రాగానే తెచ్చుకుందామని మేము మంచం కూడా బిగించి పెట్టుకున్నాం. ఇంతలో మా వియ్యపురాలు స్వర్ణలత గారు, "ఎండాకాలం కాన్పు. మా ఇంట్లో ఏసీ ఉండాది. ఆ బండల ఊరికి పంపి పిల్లను మాడ్చేదెందుకు" అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆవిడ నాగలక్ష్మమ్మ కూరలో ఉప్పు వేయడం మరిచిపోతోంది. సరే, మనమూ ఏసీ పెట్టిద్దాం అన్నాను. కానీ ఏసీ పెట్టాక వచ్చే కరెంటు బిల్లు చూస్తే ఆసుపత్రిలో అమ్మాయి పక్కనే నాకూ ఒక మంచం వేయాల్సి వస్తుంది. అందుకని సోలారు.

మీ దరఖాస్తులో "ఇంటి వివరాలు" అని నాలుగు గీతలు ఇచ్చారు. మా ఇంటికి నాలుగు గీతలు చాలవు. పడమటి వైపు మా నాయన నాటిన వేపచెట్టు ఉంది. మే నెలలో ఊరంతా కాలిపోతుంటే మా వరండాలో బండ మీద పడుకున్నవాడు దుప్పటి అడుగుతాడు. రాళ్లు లోడు చేసుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లు లోడింగ్ అయ్యాక కూడా ఏదో ఒక వంక పెట్టుకుని మా అరుగు దిగరు. ఎండ మా ఇంటికి రావాలంటే రెండుసార్లు ఆలోచిస్తుంది. ఇంత నీడ ఉన్న ఇల్లు ఇక్కడి నుంచి డోన్ దాకా వెతికినా దొరకదు.

పరిచయస్తుల పేరు రాయమన్నారు. మా వియ్యంకుడు కడప ఓబుళేశు గారి పేరు, చిరునామా రాశాను. సంబంధం కుదుర్చుకునేటప్పుడు ఆయన నా గురించి ఊళ్లో కనబడిన వాళ్లందరినీ అడిగాడు. ఇప్పుడు ఆయన్ని ఎవరైనా అడగడం న్యాయం.

ఇట్లు,
నీడ గల ఇంటి యజమాని,
పుల్లయ్య.

తా.క.: ఇల్లు నచ్చితే వెంటనే చెప్పండి. నచ్చకపోతే కూడా నచ్చిందనే చెప్పండి. తర్వాత మాట్లాడుకుందాం.


కర్నూలు,
ఫిబ్రవరి 12.

పుల్లయ్య గారికి, తొలిపొద్దు సోలార్ తరఫున సర్వే అధికారి శివజ్యోతి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా ఆఫీసుకు చేతిరాత ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. దాన్ని ఎవరు తెరవాలన్న విషయం తేలక జవాబు ఆలస్యమైంది. ఉత్తరానికి ఉత్తరమే రాయాలని మా మేనేజరు నిర్ణయించారు.

ఒక ఇల్లు సోలార్‌కు పనికివస్తుందా లేదా అని మేము చూసేవి కొన్నే. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా మిద్దె మీద ఎండ అడ్డు లేకుండా పడాలి. ప్యానెళ్లు పరచడానికి చోటు, వాటి బరువు మోసే గట్టి శ్లాబు ఉండాలి. ప్యానెళ్లను దక్షిణం వైపు వాల్చి నిలబెట్టగలగాలి. వరండాలో ఎవరికి ఎంత హాయిగా నిద్ర పడుతుందన్నది ఇందులో లేదు.

మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంటి మీద ఎండ పడదు. ఎండ పడని ఇంటికి మేము చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి మీ దరఖాస్తును "పనికిరాదు" అనే ఫైలులో పెట్టాను. దీన్ని మీ ఇంటికి జరిగిన అవమానంగా తీసుకోవద్దు.

భవదీయురాలు,
శివజ్యోతి.

తా.క.: మీరు రాసిన గుణాలు పెళ్లి సంబంధానికి బాగా పనికివస్తాయి. మాకు కావలసింది ఎండ ఒక్కటే.

ఇంకో తా.క.: ఫోనులో మీరు చెప్పిన సగం రికార్డయింది. ఆఫీసులో అందరం విన్నాం. మీ అమ్మాయికి కాన్పు సుఖంగా జరగాలని అందరం కోరుకుంటున్నాం.


బేతంచెర్ల,
ఫిబ్రవరి 20.

అమ్మా శివజ్యోతీ, పుల్లయ్య ఆశీర్వదించి రాసేది. నువ్వు మా శిల్ప ఈడుదానివే అయ్యుంటావని ఈసారి "గారు" తీసేశాను. ఏమీ అనుకోవద్దు.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. తప్పు నాది కాదు. మన సీమలో ఇల్లెలా ఉందని అడిగితే ఎవరైనా నీడ గురించే చెబుతారు. మా ఇంట్లో ఎండ బాగా కాస్తుంది, వచ్చి చూడండి అని ఎవరైనా గొప్పలు చెప్పుకోవడం నువ్వు విన్నావా? ఎండ కూడా ఒక ఆస్తి అని ఇంత వయసొచ్చాక ఇప్పుడే తెలిసింది. ముందే చెప్పి ఉంటే ముందే రాసేవాణ్ని.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. మా మిద్దె మీద పరిచినవి మా కొట్టు బండలే, నల్లటి పాలిషు బండలు. మధ్యాహ్నం వాటి మీద ఒక కాలు పెట్టినవాడు రెండో కాలు పెట్టడు. నాగలక్ష్మమ్మ పొద్దున మిరపకాయలు ఆరబోస్తే భోజనాల వేళకు గలగలమంటాయి. పిల్లి కూడా మా మిద్దె ఎక్కదు, గోడ దిగి చుట్టూ తిరిగి పోతుంది. కింద గదుల్లో గోడలు పొద్దు గూకాక కూడా సెగలు కక్కుతుంటాయి. రేపు చంటిబిడ్డకు స్నానానికి వేడినీళ్లు కాచే పని కూడా లేదు, ట్యాంకు కొళాయి తిప్పితే చాలు. మాది ఇల్లు కాదమ్మా, రొట్టెల పెనం.

నా మాట నమ్మవేమోనని పక్కింటి చిన్న ఈరన్నను మిద్దె ఎక్కించి సాక్ష్యం తీసుకున్నాను. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "ఓయప్పా, చెప్పులు అంటుకుపోతాండాయి. ఈడ మనిషనేవాడు బతకడు." దాని కింద ఆయన వేలిముద్ర కూడా వేయించాను. ఆయనకు సంతకం వచ్చు. కానీ వేలిముద్ర అయితే ఇంకా బలంగా ఉంటుందని నేనే వేయించాను.

వేపచెట్టు సంగతి అంటావా, అది ఉంది. ఇంటి పక్కన ఊరికే నిలబడి ఉంది.

ఇట్లు,
ఎండ గల ఇంటి యజమాని,
పుల్లయ్య.

తా.క.: సాక్ష్యం చెప్పినందుకు చిన్న ఈరన్నకు ఒక టీ ఇప్పించాను. లంచం కింద రాసుకోవద్దు.


కర్నూలు,
ఫిబ్రవరి 28.

పుల్లయ్య గారికి నమస్కారాలు.

మీ రెండు ఉత్తరాలూ ఒకే ఇంటి గురించి రాసినవేనా అని చిరునామాలు మరోసారి సరిచూసుకున్నాను. ఒకటే. మీ దరఖాస్తును "పనికిరాదు" ఫైలులోంచి తీసి సర్వే ఫైలులో పెట్టాను. మార్చి 11న నేనే వచ్చి మిద్దె చూస్తాను. అంతవరకూ ఇల్లు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి.

సర్వేకు తీసుకున్న దరఖాస్తుల్లో యజమాని చివరగా రాసిన వివరాల నకలు పరిచయస్తులకు పంపడం మా నిబంధన. దరఖాస్తు వెనక పేజీలో అచ్చు వేసి ఉంది. దాని ప్రకారం మీ రెండో ఉత్తరం నకలు, చిన్న ఈరన్న గారి వేలిముద్రతో సహా, కడప ఓబుళేశు గారికి రిజిస్టరు పోస్టులో పంపాను.

భవదీయురాలు,
శివజ్యోతి.

తా.క.: నాకు పెళ్లి కాలేదు, పిల్లల సంగతి తెలియదు. అయినా ట్యాంకు నీళ్లు చంటిబిడ్డకు నేరుగా పోయవద్దని మా ఆఫీసులో పిల్లల తల్లులందరూ రాయమన్నారు.


బేతంచెర్ల,
మార్చి 6.

అమ్మా శివజ్యోతీ,

క్షేమం గురించి ఈసారి రాయడం లేదు. లేదు గనక రాయడం లేదు.

దరఖాస్తుకు వెనక పేజీ ఉంటుందని నాకు ఎవరు చెప్పారు? పరిచయస్తుల పేరు ఎందుకు రాస్తాం? ఫలానావాళ్లు మాకు చుట్టాలు అని మీకు తెలియడానికి. మా సంగతులు మోసుకెళ్లి వాళ్లకు చెప్పడానికి కాదు.

నిన్న కడప నుంచి ఫోను. వియ్యపురాలు నా ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా నాకే చదివి వినిపించారు. బాగా చదువుతారు. చదివాక, "ఏమన్నా, పెనం మీదికి పిల్లను పంపమంటాండారా మీరు? మనిషనేవాడు బతకడని ఎవురో ఈరన్న వేలిముద్ర గూడా వేసినాడే" అన్నారు. అది మిద్దె సంగతి వదినా, ఇంటి సంగతి కాదు అన్నాను. "గోడలు సెగలు కక్కుతాండాయని రాసింది ఎవురు మరి" అన్నారు. వియ్యంకుడు పక్కనే ఉన్నాడని దగ్గును బట్టి తెలిసింది. అల్లుడు భూపేష్ నెమ్మదైనవాడు, "మామా, ఇది నిజంగా మీరే రాసినారా" అని మాత్రం అడిగాడు. కాన్పు కడపలోనే అని తేల్చేశారు.

చివర్లో ఫోను శిల్పకు ఇచ్చారు. అది ఏసీ గురించి అడగలేదు. "నాయనా, వేపచెట్టు కొట్టేసినావా?" అని అడిగింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ చెట్టు కిందే పుస్తకాల సంచి పారేసి నిద్రపోయేది. లేదమ్మా, చెట్టు ఉండాది అని చెప్పేలోగా దుఃఖమొచ్చి ఫోను నాగలక్ష్మమ్మ చేతికిచ్చి బయటికి వచ్చేశాను. ఆమె ఫోను పెట్టేసినప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకు చెప్పాల్సినవి గిన్నెలతో చెబుతోంది. గిన్నెలు నాకు చెబుతున్నాయి.

ఇప్పుడు నువ్వు ఒక్క సాయం చేయాలి. మీ ఆఫీసు కాగితం మీద, రబ్బరు స్టాంపు వేసి, పుల్లయ్య గారి ఇల్లు సోలారుకు పనికిరాదని, దానికి కారణం మితిమీరిన నీడ అని రాసి పంపు. నకలు కడపకు పంపు. నీ మొదటి ఉత్తరంలో ఎలా రాశావో అలాగే రాసినా చాలు. ఎంత గట్టిగా పనికిరాదంటే నాకు అంత మేలు. ఏసీ లేదు, సోలారు లేదు, నాకు నా బిడ్డ ఇంటికి వస్తే చాలు.

ఇట్లు,
ఎలాంటి ఇంటి యజమానో తెలియని,
పుల్లయ్య.

తా.క.: నిజానికి కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు.

ఇంకో తా.క.: చిన్న ఈరన్నతో నేను మాట్లాడటం మానేశాను. ఎందుకో ఆయనకు తెలియదు. రోజూ వచ్చి ఇంకో సాక్ష్యం ఏమైనా కావాలా అని అడిగి పోతున్నాడు.


కర్నూలు,
మార్చి 14.

పుల్లయ్య గారికి నమస్కారాలు.

చూడకుండా ఇల్లు పనికిరాదని రాయలేను. చూశాక రాయలేకపోవడం ఇంకో సమస్య. పదకొండో తేదీ మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు నన్ను మిద్దె ఎక్కనివ్వకుండా వరండాలోనే కూర్చోబెట్టి చెట్టును మూడుసార్లు చూపించారు. అయినా సర్వే సర్వేనే. రిపోర్టులో రాసింది మీకూ తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

మిద్దె మీద ఎండ పొద్దుటి నుంచి మూడున్నర దాటేదాకా అడ్డు లేకుండా పడుతుంది. వేపచెట్టు నీడ ఆ తర్వాతే మిద్దె మీదికి వస్తుంది, అప్పటికి మాకు దానితో పని ఉండదు. శ్లాబు గట్టిది. బండ ఎంత కాలుతుందో చూడాలని చేయి పెట్టాను. ఈ ఉత్తరం రెండో చేత్తో రాస్తున్నాను. బండలకు చిల్లులు వేస్తామంటే మీరు డ్రిల్లు మిషనుకు అడ్డంగా కూర్చున్నారు. పాలిషు బండకు చిల్లు పడటం చూస్తూ ఊరుకోలేనన్నారు. కాబట్టి చిల్లులు వేయకుండా సిమెంటు దిమ్మెలు బరువుగా పెట్టి ప్యానెళ్లు నిలబెడతాం. మొత్తం మీద మీ మిద్దె, నేను ఈ ఏడాది చూసిన మిద్దెలన్నింట్లో సోలార్‌కు బాగా పనికివచ్చేది. మన్నించండి.

ఇక కింది భాగం. మీ ఆవిడ జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ పెట్టారు. తిన్నాక పడమటి గదిలో లెక్కలు వేసుకుంటూ చాప మీద కాసేపు ఒరిగాను. నిద్రపట్టింది. నాగలక్ష్మమ్మ గారు "పాపం, చలేస్తాండాదేమో" అంటూ దుప్పటి కప్పడం లీలగా గుర్తుంది. లేచేసరికి కర్నూలు బస్సు పోయింది. సర్వే రిపోర్టులో ఆలస్యానికి కారణం అనే గడి ఒకటి ఉంటుంది. ఉన్నది రాయక తప్పలేదు: "సర్వే అధికారి నిద్రపోయినందువల్ల. ఇంటి కింది భాగం చల్లగా ఉన్నందువల్ల." మా మేనేజరు దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

మీ మొదటి ఉత్తరం ఇంటి కింది భాగానికి సరిపోయింది, రెండోది పైభాగానికి. గోడల సెగ సంగతి మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ప్యానెళ్లు వచ్చాక ఆ మిద్దె మీద కూడా వాటి నీడ పడుతుంది, గదులు ఇంకా చల్లబడతాయి. నిబంధన ప్రకారం ఈ రిపోర్టు నకలు కూడా కడపకు పంపాను.

భవదీయురాలు,
శివజ్యోతి.

తా.క.: "ఇంటి పడమట ఉన్న వేపచెట్టు ప్యానెళ్లకు అడ్డు కాదు, దాన్ని కొట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు" అని రిపోర్టు చివర ఒక వాక్యం విడిగా రాసి స్టాంపు వేశాను. నిబంధనల్లో అది లేదు. అది మీ అమ్మాయి కోసం.


బేతంచెర్ల,
ఏప్రిల్ 20.

అమ్మా శివజ్యోతీ, పుల్లయ్య, నాగలక్ష్మమ్మ ఇద్దరూ కలిసి ఆశీర్వదించి రాయించేది. రాసేది నేనే, పక్కన కూర్చుని చెప్పేది ఆమె.

శిల్ప ఇంటికి వచ్చింది. తలుపు కూడా దాటకుండా నేరుగా వేపచెట్టు దగ్గరికి పోయి మానుకు చేయి ఆనించి నిలబడింది. నేను చూడనట్టు లోపలికి వచ్చేశాను. కళ్లు తుడుచుకోవడానికి ఎప్పుడూ ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోవాలని ఆ రోజు తెలిసింది.

ఇదంతా నీ రిపోర్టు చేసిన పనే. కడపలో నా రెండో ఉత్తరాన్ని ఎంత శ్రద్ధగా చదివారో, నీ రిపోర్టునూ అంతే శ్రద్ధగా చదివారట. శ్లాబు, దక్షిణం, దిమ్మెలు, అవేవీ వియ్యపురాలికి పట్టలేదు. నీ నిద్ర దగ్గర ఆగారట. "ఆఫీసు పిల్ల డ్యూటీలో నిద్రపోయి బస్సు పోగొట్టుకుందంటే ఆ ఇల్లు ఎంత చల్లగా ఉండాలప్పా" అని భూపేష్‌తో అన్నారట. స్వయంగా చూసి నమ్మకం కుదిరితేనే పిల్లను వదిలి వస్తానని శిల్పతో పాటు బయలుదేరి వచ్చారు.

వచ్చారు. రొట్టె తిన్నారు. పడమటి గదిలో నువ్వు పడుకున్న చాప మీదే కాసేపు ఒరిగారు. దీపాలు పెట్టే వేళకు లేచి, "శానా బాగుండాది వదినా ఈడ. కాన్పు అయ్యి, పురుడు తీరే దాకా నేను గూడా ఈడనే ఉంటా" అన్నారు. కాదనడానికి మా దగ్గర కారణం ఏమీ లేదు. ఇల్లు చల్లగా లేదని చెప్పే దారి నువ్వే మూసేశావు.

మీవాళ్లు ప్యానెళ్లు బాగా బిగించారు, ఒక్క బండకూ చిల్లు పడలేదు. ఏసీ కూడా వచ్చింది. శిల్పకు అది పడదట, మధ్యాహ్నం చెట్టు నీడలో మంచం వేయించుకుంటుంది. ఏసీ గదిలో స్వర్ణలత గారు ఉన్నారు. నా మిద్దె మీద కాసే ఎండంతా ఆమె గదిని చల్లబరచడానికి సరిపోతోంది. చిన్న ఈరన్నను కూడా ఆమె పిలిపించుకుని చూశారు. ఇద్దరికీ బాగా కుదిరింది, సాయంత్రాలు వరండాలో కూర్చుని నా ఉత్తరం గురించి మాట్లాడుకుంటున్నారు.

నీ దగ్గర ఇళ్లను పరీక్షించే కాగితం ఉంది కదా. వియ్యాలవారు ఎక్కువ కాలం ఉండటానికి ఈ ఇల్లు పనికిరాదని ఒక కాగితం, స్టాంపు వేసి పంపగలవా? సర్వే అక్కర్లేదు. నువ్వు వస్తే మళ్లీ నిద్రపోతావు.

ఇట్లు,
పైన ఎండ, కింద నీడ గల ఇంటి యజమాని,
పుల్లయ్య.

తా.క.: పై పేరా నాగలక్ష్మమ్మ చదివి కొట్టేయమంది. కూరలో ఉప్పు సమంగా ఉందని స్వర్ణలత గారు ఒక్కరే అన్నారట ఈ ఇంట్లో. అందుకని ఆమె ఎన్నాళ్లయినా ఉండవచ్చట. నేను కొట్టేయలేదు, కొట్టేశానని చెప్పాను.

ఇంకో తా.క.: ఈ ఉత్తరం నకలు మాత్రం దయచేసి కడపకు పంపవద్దు. పోనీ పంపు, పర్వాలేదు. అక్కడ ఇంటికి తాళం వేసి ఉంది. ఓబుళేశు గారు భూపేష్‌ను కూడా వెంటబెట్టుకుని నిన్న పొద్దున బస్సుకు ఇక్కడికి వచ్చారు. పడమటి గదిలో నిద్రపోతున్నారు.